బంగళా గోడలో బొక్కలు

ఆ రోజు మధ్యాహ్నం శ్రీలలిత భోజనానికి ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా గుమ్మంలోనే నిలబడి, "అమ్మమ్మా, నేను చూడ్డానికి దయ్యంలా ఉంటానా?" అని అడిగింది.

"తల దువ్వుకోకపోతే ఉంటావు," అన్నాను. పప్పులోకి తిరగమోత పెడుతున్నాను. నవ్వుతూనే అన్నాను ఆ మాట. మళ్ళీ పొద్దుగూకేదాకా నా మొహంలోకి నవ్వు రాలేదు.

శ్రీలలిత మా పెద్దమ్మాయి కూతురు. కాకినాడలో పుట్టి పెరిగింది. పాత కట్టడాలను బాగుచేసే చదువేదో చదివి, మొదటి ఉద్యోగం మా తార్నాకలోనే దొరికిందని పెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చేసింది. దాని పని రాతి బంగళా దగ్గర.

రాతి బంగళా అంటే, మా వైపు గేటులోంచి యూనివర్సిటీలోకి వెళ్తే చింతచెట్ల వెనక కనిపిస్తుంది. నైజాం కాలంలో ఎవరో నవాబు అతిథుల కోసం కట్టించాడని చెప్పుకునేవారు. నేను కాపురానికొచ్చేసరికి అది మగపిల్లల హాస్టలు. కింద పెద్ద వంటశాల ఉండేది. ఆదివారాలు మాంసం ఉడుకుతుంటే ఆ ఘాటు మా క్వార్టరు దాకా వచ్చేది, మా అత్తగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వీధి తలుపు వేసేవారు. తర్వాత హాస్టలు ఎత్తేశారు, తాళం వేశారు. గోడల్లో రావి మొక్కలు మొలిచాయి, కప్పు ఒక మూల కూలింది, పగలే గబ్బిలాలు తిరిగేవి. ఇన్నాళ్ళకి దాన్ని బాగుచేసి, యూనివర్సిటీలో పనిచేసేవాళ్ళకి ఫ్లాట్లు చేస్తున్నారు. పాతదాన్ని పాతదానిలాగే ఉంచి, వెనకాల ఇనుముతో, అద్దాలతో కొత్త భవనం లేపి, రెండింటినీ కలుపుతారట.

"అత్తగారి పక్కన కొత్త కోడలు నిలబడినట్టు ఉంటుంది తాతయ్యా," అనేది శ్రీలలిత.

"కోడలొచ్చాక అత్తగారి గోడ పగలకుండా ఉంటుందా?" అనేవారు మా ఆయన ఉమాపతి గారు, పేపర్లోంచి తలెత్తకుండానే.

ఆయనన్నట్టే ఆ రోజు గోడ పగలగొట్టారు. పాత వంటశాల గోడలోంచి కొత్త భవనంలోకి దారి తియ్యడానికి.

"పొద్దున్నే మేస్త్రీ సమ్మయ్య నా దగ్గరకొచ్చాడు," అంది శ్రీలలిత, కంచం ముందు కూర్చుంటూ. "'మేడం, గోడల బొక్కలున్నయి' అన్నాడు. పాత గోడన్నాక బొక్కలుండవా? అదే అన్నాను. నోరు తెరుచుకుని చూశాడు. 'మీకు ముందుగాల్నే ఎర్కనా?' అన్నాడు. తెలీకపోవడమేంటి సమ్మయ్య గారూ, ఇలాంటి బిల్డింగులన్నిట్లోనూ ఉంటాయి, చదువుకునేటప్పుడు ఎన్ని చూశానో అన్నాను."

"ఊఁ, తర్వాత?"

"ఏం చెయ్యమంటారని అడిగాడు. సున్నం కూరి మూసేయమన్నాను. 'అన్నిటినా?' అంటాడు. అన్నిటినీ, ఒక్కటి కూడా బయటికి కనబడకూడదు, సాయంత్రం అక్కడే కాంక్రీటు పోస్తున్నాం కదా అన్నాను. 'ఎవ్వరికి చెప్పొద్దా మేడం?' అంటాడు. బొక్కల గురించి ఊరంతా టముకు వేస్తామా అన్నాను. అంతే అమ్మమ్మా! పలుగు కింద పడేసి, నాకు దణ్ణం పెట్టి బయటికెళ్ళిపోయాడు. వాళ్ళంతా పని మానేసి చెట్టు కింద కూర్చుని నన్ను గుడ్లప్పగించి చూస్తున్నారు. గోడకి చిల్లులుంటే దానికింత..."

నా చేతిలో గరిటె నేలమీద పడింది. పప్పు నా పాదాల మీద చిందింది. కాలినట్టు కూడా తెలియలేదు.

మీలో కోస్తావాళ్ళుంటే మీకూ చిల్లులే వినబడి ఉంటాయి. నాకు మొదట్లో అలాగే వినబడేది. కొత్తగా ఈ ఊరొచ్చినప్పుడు ఒకసారి మా ఆయన సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఆకుకూరల లచ్చవ్వ గంప దించి, "అక్కా, సారు బొక్క ఇరిగిందంట గదా?" అంది. "బొక్క విరగడమేంటమ్మా, రోడ్డు మీద బొక్కలో పడ్డారు," అన్నాను. లచ్చవ్వ కాసేపు నా మొహం చూసి, విషయం అర్థమయ్యాక మెట్ల మీద కూలబడి నవ్వింది. "ఓ అక్కా! మేము బొక్కంటే గిది," అని తన ముంజేతి ఎముక తట్టి చూపించింది. "సారు మీ బొక్కల పడి మా బొక్క ఇరగ్గొట్టుకున్నడన్నట్టు!" అలా మొదలైంది మా స్నేహం. కాలు విరిగిన రోజు మా ఆయన్ని భుజాన వేసుకుని ఆస్పత్రికి మోసుకెళ్ళింది ఎవరనుకున్నారు? లచ్చవ్వ మొగుడు ఎంకన్న. రాతి బంగళా చౌకీదారు.

ఆ ఎంకన్నే, హాస్టలు ఎత్తేసే రోజుల్లో, ఒక వానాకాలం డ్యూటీకని వెళ్ళి మళ్ళీ ఇంటికి రాలేదు. సైకిలు బంగళా గేటుకి ఆనించినట్టే ఉంది, మనిషి లేడు. భీవండి మిల్లుల్లో చేరాడని ఒకడన్నాడు. మూసీలో కొట్టుకుపోయాడని ఒకడు. ఇంకో ఆడదానితో పోయాడని అందరూ. పోలీసులు వెతికారు, మానేశారు. కొన్నేళ్ళకి కులపెద్దలు కూర్చుని, మెట్టెలు తీసెయ్యవే, చెయ్యాల్సిన కర్మ చేసేద్దాం అంటే లచ్చవ్వ లేచి నిలబడింది. "ఎవడన్న ఆయన బొక్కన్న తెచ్చి నాకు చూపెట్టుండ్రి. అప్పుడు తీస్త." ఆ మాట నా ఎదురుగా అంది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. ఇప్పుడు గోల్నాకలో కొడుకు దగ్గరుంటుంది. ఈ వయసులోనూ పొద్దున్నే బస్సెక్కి తార్నాక వస్తుంది. ఆమె పిలవకముందే ఆ వెండి మెట్టెలు మా మెట్ల మీద టక్కుటక్కుమని చప్పుడు చేస్తాయి. నేను ఆ చప్పుడు విని తలుపు తీస్తాను.

ఇదంతా నేను శ్రీలలితకి ఎలా చెప్పానో నాకు గుర్తు లేదు. "చిల్లులు కాదే తల్లీ, ఎముకలు! గోడలో ఎముకలున్నాయని చెప్పాడే అతను," అన్నాను.

దాని చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"సున్నం కూరమన్నాను అమ్మమ్మా," అంది సన్నగా. "ఎవరికీ చెప్పొద్దన్నాను."

సమ్మయ్యకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. కట్ చేశాడు. కాంక్రీటు బండి వాళ్ళకి చేస్తే బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నామన్నారు. "ఆపండి! నేను చెప్పేదాకా కదలొద్దు," అని అరిచింది.

మా ఆయన కర్ర పట్టుకుని లేచారు, మోకాళ్ళు సహకరించక మళ్ళీ కూర్చున్నారు. "రమణా," అని నన్ను పిలిచారు. "ఎంకన్నకి కుడి జబ్బకి వెండి దండకడియం ఉండేది. నన్ను మోస్తుంటే నా చెవికి ఒరుసుకుంది. అది ఉందేమో చూడండి."

నేనూ శ్రీలలితా ఆటో ఎక్కాం. యూనివర్సిటీ రోడ్డు ఎప్పటిలాగే ఉంది. చెట్ల కింద పిల్లలు పుస్తకాలు ముందేసుకుని పోటీ పరీక్షలకి చదువుకుంటున్నారు, ఎవరో చాయ్ తాగుతూ గట్టిగా నవ్వుతున్నారు. వాళ్ళను చూస్తుంటే కోపం వచ్చింది నాకు. నా భయమల్లా ఒక్కటే. గోడలో ఉన్నది ఎంకన్నే అయితే, లచ్చవ్వకి ఆ మాట చెప్పాల్సింది నేనే. ఏ నోటితో చెప్పను? రేపు పొద్దున మా మెట్ల మీద ఆ చప్పుడు వినబడితే తలుపు తీసి ఏమనాలి? ఒక పక్క ఎంకన్నే అయి ఉండాలని కూడా అనిపించింది. అలా అనిపించినందుకు ఇంకా భయం వేసింది.

బంగళా ముందు చింతచెట్టు కింద కూలీలంతా గుంపుగా కూర్చున్నారు. శ్రీలలితను చూడగానే ఆడవాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

సమ్మయ్య లేచి నా వైపు వచ్చాడు. "అవ్వా, మీరెవరు?"

"ఈ పిల్ల అమ్మమ్మని నాయనా."

"గట్లనా. అయితే మీరన్న ఇనుండ్రి. మేం జనగామ దిక్కుకెళ్ళి కూలికొచ్చినోళ్ళం. గోడలు కట్టుమంటే కడతం, కూలగొట్టుమంటే కూలగొడతం. బొక్కలను సున్నంల కప్పెయ్యుడు మాతోని గాదు. మీ మనుమరాలు ఎన్ని చూసిందో నాకెర్క లేదు, మేమైతే సూడలే."

"మా ఊళ్ళో బొక్క అంటే చిల్లు సమ్మయ్యా! గోడకు చిల్లులు పడ్డాయి అనుకుంది పిచ్చిపిల్ల."

అతను నన్నూ, దాన్నీ మార్చి మార్చి చూశాడు. "చిల్లంటే... పొక్కనా?"

"ఆఁ, పొక్కే."

"పొక్కను బొక్కంటరా మీరు?" తల మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "నీయవ్వ, పొద్దుగాల్నుంచి మా పానాలు పోయినయి గదా! గీ మేడమే ఎవరినో చంపి పెట్టిందనుకున్నం."

"నేనా?" అంది శ్రీలలిత ఏడుపుగొంతుతో. "ఆ గోడ కట్టినప్పుడు మా తాతయ్య కూడా పుట్టలేదండీ!"

ఇంకో రోజైతే నవ్వేదాన్ని. ఆ రోజు నా చూపు సమ్మయ్య భుజం మీంచి వెనక్కి పోయింది. బంగళా మెట్ల మీద ఆకుకూరల గంప ఉంది. దాని పక్కన లచ్చవ్వ కూర్చుని ఉంది.

"ఆమెకెవరు చెప్పారు?" అన్నాను.

"మేడం ఇంటికి పోంగనే మా ఇంటామె పాలకూర కొననీకి పొయ్యి నోరు జారింది," అన్నాడు సమ్మయ్య తలొంచుకుని. "గప్పట్నుంచి గాడ్నే కూసున్నది. లోపటికి పోనిస్తలేం. ఏడుస్తున్నది, ఏడుస్తనే ఉన్నది. ఇగ కండ్లల్ల నీళ్ళు అయిపోయినయి కావచ్చు."

శ్రీలలిత నా మోచెయ్యి పట్టుకుని నడిపించింది. దగ్గరికి వెళ్ళేకొద్దీ నేను లచ్చవ్వ మొహం వైపు చూడలేక కిందికి చూశాను. అదే నేను చేసిన తప్పు. ఆమె కాళ్ళు కనబడ్డాయి. రెండో వేళ్ళకి మెట్టెలు లేవు. అవి ఉన్నచోట చర్మం తెల్లగా, సన్నగా, గాజుపలకలా ఉంది. ఎండ ఎన్నడూ తగలని చోటు. కొంగు చివర చిన్న మూట కట్టి ఉంది.

"వచ్చినవా అక్కా," అంది లచ్చవ్వ. గొంతు పూర్తిగా బొంగురుపోయింది. "నన్ను లోపటికి తోల్కపో. నేను చెప్పిన మాట మీద నిలబడ్డ. ఇగ నాకు చూపెట్టుమను."

"ముందు వాళ్ళు చూస్తారే. నువ్వొద్దు."

"నా మొగడక్కా."

సమ్మయ్య పక్కకి జరిగి దారిచ్చాడు.

లోపల చల్లగా ఉంది. తడి సున్నం వాసన, దానికింద పాత గబ్బిలాల వాసన. అవతలి వైపు కొత్త భవనం ఇనప స్తంభాలు నిలబడి ఉన్నాయి, వాటి మధ్యలోంచి వెలుగు కత్తిరించినట్టు లోపలికి పడుతోంది. ఆ వెలుగు పక్కనే గోడలో నల్లగా నోరు తెరుచుకున్న బిలం. అంచున ఏదో పసుపుపచ్చగా, పొడుగ్గా బయటికి పొడుచుకొచ్చి ఉంది. నేను లచ్చవ్వ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"పోలీసులకు ఫోన్ చేద్దామా మేడం?" అన్నాడు సమ్మయ్య. "చేస్తే ముందుగాల మమ్ములనే పట్టుకపోతరని మావోళ్ళు భయపడుతుండ్రు."

"చేద్దాం. ముందు ఏముందో చూడనివ్వండి. ఏదీ కదపను," అంది శ్రీలలిత. ఫోన్ లైటు వేసి, బల్ల మీదకెక్కి, తల ఆ బిలంలోకి పెట్టింది.

బయట కాకి ఒకటి ఆగకుండా అరుస్తోంది.

"చాలా ఉన్నాయి," అంది లోపల్నుంచి. గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. "ఇంకా కిందికి ఉన్నాయి... ఏదో మెరుస్తోంది."

"తెల్లగా మెరుస్తోందా?" నా నోటి నుంచి ఆ మాట నాకు తెలియకుండానే వచ్చింది.

"వెండిలా ఉంది అమ్మమ్మా."

లచ్చవ్వ కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. దేవుణ్ణి తలచుకుందో, ఎంకన్నని తిట్టుకుందో. పడిపోతానేమోనని గోడకి చెయ్యి ఆనించి, అది ఆ గోడేనని గుర్తొచ్చి వెనక్కి లాక్కున్నాను.

శ్రీలలిత మెల్లగా చెయ్యి పెట్టి మెరిసేదాన్ని బయటికి తీసింది. దుమ్ము రాలింది. అరచేతిలో పెట్టుకుని చూసింది. తర్వాత మాకు చూపించింది.

స్పూను. కాడ వంకరపోయిన స్టీలు స్పూను. మెస్సులో సాంబారు గిన్నె పక్కన పెడతారే, అలాంటిది.

శ్రీలలిత మళ్ళీ లైటు లోపలికి పెట్టింది. ఈసారి ఒక్కసారిగా తల వెనక్కి లాక్కుంది, బల్ల ఊగింది, సమ్మయ్య పట్టుకున్నాడు.

"పుర్రె ఉంది!" అంది. ఒక్క క్షణం ఆగి, వింతగా, "దానికి కొమ్ములున్నాయి," అంది.

సమ్మయ్య తనే ఎక్కి తొంగిచూశాడు. రెండు చేతులూ లోపలికి పెట్టి బయటికి తీశాడు. చుట్ట తిరిగిన కొమ్ములతో, పొడుగు మూతితో, గొర్రెపోతు తలకాయ.

"గొర్రె! ఓ అవ్వా, గొర్రె బొక్కలు! గివి నల్లి బొక్కలు, గిది దవడ! మనిషిది ఒక్కటి లేదు!" అని గట్టిగా అరిచాడు. బయటివాళ్ళంతా తోసుకుంటూ లోపలికొచ్చారు. ఒక్కసారిగా గొంతులు లేచాయి, నవ్వులు, ఈలలు. ఎవరో, "సమ్మన్నా, చారు పెట్టుకుందామా?" అన్నారు.

శ్రీలలిత బల్ల మీదే కూలబడి, ఏడుస్తూ నవ్వుతూ చెప్పింది. అది పాత పొయ్యి పొగగొట్టమట. ఎప్పుడో వాడడం మానేసి కింద ఇటుకలు పెట్టి మూసేశారట. మెస్సులో తిని పారేసిన ఎముకల్ని పందికొక్కులు ఏళ్ళ తరబడి లోపలికి లాక్కెళ్ళి ఉంటాయి, పెద్దవి మూసే ముందే వంటవాళ్ళు అందులో పారేసి ఉంటారు. ఆదివారాల ఘాటు, మా అత్తగారి ముక్కు మీద కొంగు, అన్నీ గుర్తొచ్చాయి నాకు.

లచ్చవ్వ ఒక్కతే నవ్వలేదు. దగ్గరికి వెళ్ళి ఆ తలకాయను చేతుల్లోకి తీసుకుని, కొమ్ము మీద దుమ్ము బొటనవేలితో తుడిచింది. తర్వాత సమ్మయ్యకి ఇచ్చేసి బయటికి నడిచింది.

నేను వెనకే వెళ్ళాను. మెట్ల మీద కూర్చుంది. పక్కన కూర్చుని ఆమె కొంగు మూట విప్పాను. నల్లబడిన వెండి మెట్టెలు, అరిగి అరిగి ఒకపక్క కత్తి అంచులా అయిపోయాయి.

"కాలు ఇటు చాపు. నేను తొడుగుతాను," అన్నాను. "గొర్రెదని తేలింది కదే. ఏదో పీడకల అనుకుందాం."

ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

"వద్దక్కా."

"వద్దంటే?"

"వద్దంతే." తన కాళ్ళ వైపు చూసుకుంటూ చెప్పింది. "తియ్యనీకి ఎంత కష్టమైందో ఎర్కనా? ఎన్నేండ్లాయె, వేలుకే అతుక్కపోయినయి. గా సమ్మయ్య పెండ్లాం సబ్బు తెచ్చి రుద్దింది. తీసినంక ఏడ్చిన. ఇన్నొద్దులు ఏడువనిదంతా ఏడ్చిన. ఆయన తిన్నదానికి, తాగినదానికి, నన్ను కొట్టినదానికి, జాతరకు తీస్కపోయినదానికి, అన్నిటికి. ఇంక లేదు. మల్ల తొడిగితే మల్ల ఒకనాడు తియ్యాలె గదా. నాతోని గాదక్కా."

"అయితే ఎంకన్న... పోయాడనే అనుకుంటున్నావా?"

"ఇయ్యాల పోయిండు. గొర్రె బొక్కల కాడ పోయిండు." ముక్కు కొంగుతో తుడుచుకుంది. "ఎక్కడనో ఒక్కాడ పోవాలె గదా."

లోపల గోడను చూసినప్పటికంటే ఎక్కువ భయపడ్డాను. "రేపెప్పుడైనా నిజంగా వస్తే? గుమ్మంలో నిలబడితే?"

లచ్చవ్వ మొదటిసారి నా కళ్ళలోకి చూసింది. "వస్తే కొత్తయి కొనుక్కరమ్మంట. గివి అరిగినయి." మెట్టెల్ని మళ్ళీ మూటకట్టి రొంటిన దోపుకుంది. గంపలోంచి గోంగూర కట్ట తీసి నా ఒళ్ళో పెట్టింది. "వాడిపోయింది. పచ్చడి చెయ్, సారుకిష్టం."

లోపల్నుంచి శ్రీలలిత గొంతు వినిపిస్తోంది. "ఇవన్నీ తీసి శుభ్రం చేశాక ఆ బొ... ఆ చిల్లు... సమ్మయ్య గారూ, మీ మాటలో దాన్నేమంటారు?"

"పొక్క, మేడం."

"ఆఁ, ఆ పొక్క మూసేద్దాం."

లచ్చవ్వ గంప నెత్తిన పెట్టుకుని చింతచెట్ల కిందినుంచి గేటు వైపు నడిచింది. బంగళా ముందు రాతి పలకల మీద ఆమె అడుగులు పడుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. చెట్ల మలుపు దాటేదాకా చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చి మా ఆయనకి అంతా చెప్పాను. గొర్రె అని తెలిశాక ఆయన నవ్వారు, మెట్టెల సంగతి చెప్పాక ఆపేశారు. "కాఫీ ఇస్తావా?" అన్నారు. పొయ్యి దగ్గరికి వెళ్తుంటే నా మెట్టెల చప్పుడు నాకే వినబడింది. అంతకుముందు ఎన్నడూ పట్టించుకోలేదు. మెల్లగా అడుగులు వేశాను.

మర్నాడు పొద్దున వంటింట్లో పాలు పొంగుతుంటే చూస్తున్నాను. చెవి మెట్ల వైపే ఉంది. ఏ చప్పుడూ రాలేదు. ఇవాళ రాదేమో అనుకున్నాను. పాలు దించి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో మనిషి నిలబడి ఉంది. కెవ్వున అరిచాను.

"నేనేనక్కా," అంది లచ్చవ్వ. "పాలకూర తెచ్చిన."